దీవి నుంచి వచ్చిన కార్డు

రేడియోను చదవొచ్చని అరవై ఏడేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. తెలిసిన రోజు కూడా నేను దాని కోసం వెళ్లలేదు. ఎండలు మండుతున్నాయి, ఏసీ హాల్లో నాలుగు గంటలు చల్లగా గడుస్తాయని వెళ్లాను.

మా అమ్మాయి ఒక ఎలక్ట్రానిక్స్ షోరూంలో పనిచేస్తుంది. నగరానికి అటు చివర పెద్ద హాల్లో కంపెనీలన్నీ కొత్త సరుకు తెచ్చి చూపించే మేళా ఒకటి జరుగుతుంది. షోరూం వాళ్లకు పాసులిస్తారు. పోయిన వేసవిలో ఒక పాసు నా చేతిలో పెట్టి, "ఇంట్ల కూసోని అమ్మతోని లొల్లి పెట్టుకునుడు కన్న నాతోని రా బాపు" అంది. మాదన్నపేటలో ఆటో ఎక్కి, బస్సు మారి, మెట్రో మారి అక్కడికి చేరేసరికి నా మోకాళ్లు నన్ను తిట్టడం మొదలుపెట్టాయి.

లోపల గోడంత టీవీలు, తమంతట తాము ఇల్లు ఊడ్చే యంత్రాలు, మాట్లాడే ఫ్రిజ్‌లు. ఫ్రిజ్ మాట్లాడటం ఎందుకో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో మాట్లాడేవాళ్లకు కరువేమీ లేదు. అమ్మాయి వాళ్ల మేనేజరు వెంట వెళ్లిపోయింది. నేను కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటూ హాలు చివరిదాకా నడిచాను. అక్కడ, బాత్రూముల దారి పక్కన, ఎవరూ ఆగని ఒక చిన్న స్టాల్లో రేడియోలు ఉన్నాయి.

రేడియో అంటే నాకు ప్రాణం అని చెప్పను. తన ప్రాణం కంటే ఎక్కువగా దాన్ని చూసుకున్న మనిషి ఒకరున్నారు, ఆయన సంగతి చెబుతాను. నేను ఆయన వెనకాల తిరిగినవాణ్ని, అంతే. అయినా షార్ట్‌వేవ్ అనే మాట బోర్డు మీద కనిపించేసరికి కాళ్లు ఆగిపోయాయి. ఇంకా వీటిని తయారుచేసేవాళ్లు ఉన్నారా అనిపించింది.

స్టాల్లో ఉన్నామె పాపం పొద్దుటినుంచీ ఒంటరిగా నిలబడినట్టుంది. నన్ను చూసి గబగబా మొదలుపెట్టింది.

"కొత్త డిజిటల్ షార్ట్‌వేవ్ రిసీవర్ సార్. గరగర అసలుండదు. ఎఫ్ఎం లాగా క్లియర్‌గా వస్తుంది."

"సిగ్నల్ తగ్గితె ఎట్లమ్మా?"

"తగ్గితే ఆగిపోతుంది సార్. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే ఏమీ రాదు."

"సగం సగం వస్తె?"

"సగం ఉండదు సార్."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. "సగం ఇనుడే కదమ్మా షార్టువేవంటె! మిగిలిన సగం మనం ఊహించుకోవాలె" అన్నాను, పక్క స్టాలు వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. ఆమె నవ్వి, ఆ పెట్టెను నా వైపు తిప్పింది. దాని ముందు భాగంలో అరచేయంత తెర ఉంది. హాలు రేకుల కింద అసలు సిగ్నల్ రాదట, అందుకని స్టాల్లోనే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకున్నారు. తెర మీద స్టేషన్ పేరు, భాష, ఇప్పుడు వస్తున్న కార్యక్రమం, కింద వరసగా వార్తలు, అన్నీ అక్షరాల్లో పడుతున్నాయి. స్టేషన్ నుంచి పాటతోపాటు ఈ అక్షరాలు కూడా గాల్లోనే వస్తాయని ఆమె చెప్పింది.

"సౌండు బంద్ జేస్తే అక్షరాలు ఉంటయా?" అని అడిగాను.

ఆమె సౌండు పూర్తిగా తగ్గించింది. అక్షరాలు కదులుతూనే ఉన్నాయి.

నేను అక్కడే ఒక ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డాను. చెవులు పూర్తిగా పోయిన మా అన్న చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ వెనక గల్లీలో, మంచం మీద, గోడను చూస్తూ కూర్చుని ఉంటాడని నాకు తెలుసు.

సొంత అన్న కాదు. మేమిద్దరం ఒకే ప్రభుత్వ కార్ఖానాలో, ప్రెస్ షాపులో పనిచేశాం. నాకంటే మూడేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. ప్రెస్ షాపంటే ఇనుప రేకుల మీద పెద్ద పెద్ద సుత్తులు రోజంతా పడుతూనే ఉంటాయి. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. నేను ఆరేళ్లలో స్టోర్సులోకి మారిపోయాను. ఆయన రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ముందు పిట్టల కూతలు వినపడటం మానేశాయట, తర్వాత ఆడవాళ్ల గొంతులు, ఆ తర్వాత అందరి గొంతులూ. చెవి మిషన్ పెట్టించుకుంటే చప్పుడు పెరిగింది గానీ మాట తెలియలేదు. దాన్ని తీసి బీరువాలో పడేశాడు.

అలాంటి మనిషి ఒకప్పుడు ప్రపంచాన్ని వినేవాడు. మామూలుగా అన్న మాట కాదు. రెండో షిఫ్టు లేని రోజుల్లో, పొద్దు వాలే వేళకు మిద్దె మీద రాగి తీగ ఏరియల్‌కు సెట్టు తగిలించుకుని కూర్చునేవాడు. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న చిన్న చిన్న స్టేషన్లు పట్టడమే ఆయన పని. విన్నది ఒక పెద్ద నోటుబుక్కులో రాసేవాడు. ఏ తేదీ, ఏ సమయం, ఏ భాష, ఏమేం విన్నాడు. చివర అయిదు అంకెలు. సిగ్నల్ బలం ఎంత, పక్క స్టేషన్ల గొడవ ఎంత, గరగర ఎంత, గొంతు ఎంత మునిగి తేలింది, మొత్తంమీద ఎలా ఉంది అని, ఒక్కోదానికి అయిదుకు ఇన్ని మార్కులని. ఆ వివరాలన్నీ ఉత్తరంగా రాసి స్టేషన్‌కు పంపితే, వాళ్లు తమ రికార్డుతో సరిచూసుకుని, నిజంగా విన్నాడని ఒప్పుకుంటూ ఒక బొమ్మ కార్డు పంపేవారు. ఆ కార్డే బహుమతి, ఆ కార్డే పతకం.

పాతబస్తీలో అలాంటి పిచ్చివాళ్లు అయిదుగురం ఉండేవాళ్లం. ఆదివారం ఆదివారం ఒక ఇరానీ హోటల్లో మూల బల్ల దగ్గర చేరి, వచ్చిన కార్డులు చూపించుకునేవాళ్లం. మాకు ఒకటే నియమం. వినంది రాయకూడదు. ఆ నియమం పెట్టింది మా అన్నే.

నా సెట్టు సంగతి అడగొద్దు. మా ఇంటి పక్కన పిండిగిర్నీ ఉండేది. అది నడుస్తున్నంతసేపూ నా రేడియోలో పిండిగిర్నీ తప్ప ఏదీ వచ్చేది కాదు. అందరికీ వచ్చే పెద్ద స్టేషన్ల కార్డులే నాకూ వచ్చేవి. బల్ల మీద పెడితే మావాళ్లు మర్యాదకు ఒకసారి చూసి పక్కన పెట్టేవారు. అది నాకు ఎంత మంటగా ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు రాలేదు.

ఒక చలికాలం అన్న ఒక దీవి వెంట పడ్డాడు. పసిఫిక్ సముద్రంలో, పటం మీద ఈగ వాలినంత దీవి. చిన్న స్టేషను. మన దేశంలో దాన్ని విన్నవాళ్లు ఉన్నారో లేదో కూడా తెలియదు. ఆరు వారాలు రోజూ సాయంత్రం కూర్చున్నాడు. ఒక గురువారం మధ్యాహ్నం, కార్ఖానా క్యాంటీన్లో నా పక్కన టిఫిను డబ్బా పెట్టి, నోటుబుక్కు తెరిచాడు.

"దొరికింది తమ్మీ. నిన్న సాయంత్రం ఆరున్నరకు. పద్దెనిమిది నిమిషాలు. ఒక ఆడామె మాట్లాడింది. గిటారు పాట వచ్చింది. మల్ల ఆమె మాట్లాడుకుంట మాట్లాడుకుంట దగ్గింది. గా దగ్గు గూడ ఇన్న!"

చెయ్యి కడుక్కుని వస్తానని లేచి వెళ్లాడు. నోటుబుక్కు నా ముందే ఉంది. నేను క్యాంటీన్ టోకెను వెనక అన్నీ ఎక్కించుకున్నాను. సమయం, ఆడామె, గిటారు, దగ్గు, అయిదు అంకెలు. ఆ రోజు సాయంత్రమే ఉత్తరం రాసి, పొద్దున్నే పోస్టులో వేశాను.

ఎందుకు చేశానని ఈ నలభై ఏళ్లలో నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. జవాబు చిన్నది. నాకు కూడా ఒక్క కార్డు కావాలి. ఒకే ఊళ్లో ఇద్దరు విన్నారంటే నమ్మరా, ఇద్దరికీ పంపుతారు, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. అన్నకు నష్టం చేద్దామని మాత్రం అనుకోలేదు. అలా అనుకోనందుకు నాకు మార్కులేమీ రావని తెలుసు.

అన్నకు ఏదీ తొందరగా చేసే అలవాటు లేదు. ఆదివారం హోటల్లో అందరికీ నోటుబుక్కు చూపించాడు. అందరూ ఒకరి తర్వాత ఒకరు చేతుల్లోకి తీసుకుని చదివారు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో ఉన్న మా స్నేహితుడు లేచి నిలబడి అన్నను కౌగిలించుకున్నాడు. సోమవారం అన్న తెల్ల కాగితం మీద మంచి అక్షరాలతో ఉత్తరం రాసి పంపాడు.

మూడు నెలలకు నాకు కార్డు వచ్చింది. నీలం సముద్రం మీద ఒక సన్నటి పడవ, పడవలో ఒక మనిషి, కింద నా పేరు చేత్తో రాసి ఉంది. సమయం ఒక గంట తప్పు రాశారు, కానీ వివరాలు సరిగ్గా ఉన్నాయి కనుక ఒప్పుకుంటున్నాం అని ఒక వాక్యం కూడా ఉంది. నాకు అప్పటికి అర్థం కాలేదు. ఆ స్టేషన్లకు మన సమయం రాయకూడదు, ప్రపంచమంతటికీ ఒకటే లెక్క ఉన్న సమయం రాయాలి. మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది. సాయంత్రం ఆరున్నరలోంచి తీస్తే మధ్యాహ్నం ఒంటి గంట. ఆనందంలో అన్న పన్నెండు అని వేశాడు. నేను కళ్లు మూసుకుని దాన్నే ఎక్కించాను.

వారం తర్వాత అన్నకూ జవాబు వచ్చింది. కార్డు కాదు, ఉత్తరం. ఆదివారం హోటల్లో మా ముందు చదివాడు. మీ నగరం నుంచే ముందుగా అందిన ఒక ఉత్తరంలోని వివరాలే, అదే గంట తప్పుతో సహా, మీ ఉత్తరంలో ఉన్నాయి. నకలు రాసి పంపినవాటికి మేము కార్డులివ్వం. అంతే ఉంది అందులో.

ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. తాగలేదు.

"నేను ఇన్న. ఆమె దగ్గింది గూడ ఇన్న" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

మాలో ఒకరు, "మన నడుమ ఒక దొంగ ఉన్నడు" అన్నారు. అందరూ పోస్టాఫీసు స్నేహితుడి వైపు చూశారు. ఉత్తరం ఆయన చేతిమీదుగా పోయి ఉండొచ్చు కదా, విప్పి చూసి ఉండొచ్చు కదా. నేను కూడా అందరితో పాటు ఆయన వైపే చూశాను. ఆయన గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు మాదన్నపేట కూరగాయల మార్కెట్లో ఎదురుపడేవాడు. నేను టమాటాల కుప్ప మీదికి వంగి ఒక్కొక్కటే ఏరేవాణ్ని. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

మా అయిదుగురి జమాతు ఆ నెలతోనే విడిపోయింది. అన్న వినడం మానలేదు, నోటుబుక్కులో రాయడమూ మానలేదు. ఉత్తరం మాత్రం మళ్లీ ఒక్క స్టేషన్‌కూ పంపలేదు. "ఇన్ననని నాకు ఎరుకనే గదా, సాలు" అనేవాడు. నా కార్డును నేను ఎవరికీ చూపించలేకపోయాను. చూపిస్తే దొరికిపోతాను. బీమా కాగితాల ఫైల్లో, అడుగున, ఒక కవర్లో పెట్టాను. మా ఆవిడకు కూడా తెలియదు. అంత ఆశపడి దొంగిలించింది, ఏడాదికోసారి తలుపేసుకుని చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

ఇదంతా కడుపులో పెట్టుకుని ఆ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. మేళా ఆఖరి రోజున చూపించిన పీసులు అమ్మేస్తారని స్టాలామె చెప్పింది. ఆఖరి రోజున మళ్లీ వెళ్లి తెచ్చాను. తెస్తున్నప్పుడే నిశ్చయించుకున్నాను, రేడియోతో పాటు నిజం కూడా ఇచ్చేస్తానని.

ఆదివారం వెళ్లాను. వదిన అప్పుడే చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంది. అన్న మంచం మీద ఉన్నాడు. గల్లీ చివర బస్సు వెళ్లింది. ఆయన అరికాళ్లు నేలకు ఆనించి, "బస్సు పోయింది" అన్నాడు. చెవులు పోయాక ఆయన గొంతు మీద ఆయనకు అదుపు పోయింది, ప్రతి మాటా అరుపే. ఆయనతో మాట్లాడాలంటే పలక మీద రాయాలి. చిన్నపిల్లల పలక, బలపం, తుడవడానికి గుడ్డ, మంచం పక్కనే ఉంటాయి.

పెట్టె చూపించాను. పలక మీద రాశాను: రేడియో. చదువుకునేది.

నన్ను ఎగతాళి చేస్తున్నావా అన్నట్టు చూశాడు. మిద్దె మీద పాత రాగి తీగ ఇంకా ఉంది, దాని మీద వదిన బట్టలు ఆరేస్తోంది. బట్టలు తీసి, తీగ కొస కిందికి లాగి తగిలించాను. కాసేపు తెర ఖాళీగా ఉంది. తర్వాత ఒక్కసారిగా స్టేషన్ పేరు పడింది. కింద భాష. దాని కింద వార్తలు, ఒక్కో వరసే.

అన్న ముందుకు వంగాడు. తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కింద జరిపాడు.

"నోరు లేకుంట మాట్లాడుతుందిరా ఇది" అని అరిచాడు. వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. వదిన నా చెయ్యి పట్టుకుని, "దేవుడు నిన్ను సల్లగ సూడాలె తమ్మీ" అంది. నాకు ఆ చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఆయన నోటుబుక్కు అడిగాడు. ఏళ్లుగా ముట్టనిది. వదిన బీరువా పైనుంచి దించి దుమ్ము తుడిచి ఇచ్చింది. గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. ఆయన వేళ్ల మీద ఒకసారి లెక్కపెట్టాడు, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఆరు పది. కరెక్టేనా తమ్మీ? సూడు, మల్ల గంట తప్పు పోవద్దు."

నేను తల ఊపాను. ఆ తల ఎలా ఊపానో నాకే తెలియదు. స్టేషన్ పేరు, భాష, వార్తలు రాసి, అయిదు అంకెల దగ్గర ఆగాడు. గొంతు గాజులా స్పష్టంగా వస్తోంది కదా అని నేను పలక మీద అయిదు అయిదులు రాసి చూపించాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్విన్నవ్. నేను ఇనలే. నువ్విన్నది నేనెట్ల రాస్త?"

ఆ గళ్లు అయిదూ ఖాళీగా వదిలేశాడు.

నేను బలపం తీసుకుని, ఆ దీవి కార్డు, అని రాశాను. వదిన చాయ్ పట్టుకుని వచ్చింది. అరచేత్తో తుడిచేశాను. ఆమె గ్లాసులు పెట్టి, తీగ మీంచి తీసిన బట్టలు మడతపెట్టడానికి లోపలికి వెళ్లింది. గట్టిగా చెబితే గల్లీ అంతా వింటుంది, ఆయనకు తప్ప. మెల్లగా చెబితే ఎవరికీ వినపడదు. నేను మెల్లగానే చెప్పాను. క్యాంటీన్ టోకెను నుంచి టమాటాల దాకా, మొత్తం చెప్పాను. ఆయన తెర చూస్తున్నాడు కదా అనుకుని, గోడ మీది క్యాలెండరు చూస్తూ చెప్పాను. చెప్పడం అయ్యాక చూస్తే ఆయన నన్నే చూస్తున్నాడు.

"ఏందో అంటున్నవ్?" అని పలక నా ముందుకు జరిపాడు.

నేను రాశాను: ఏరియల్ మంచిగున్నది.

ఆయన దాన్ని చదివి, నా ముఖం చూసి, మళ్లీ పలక చూశాడు. "అవ్" అని తెర వైపు తిరిగాడు.

పలక మీద నాలుగు ముక్కలు రాయలేకపోయాను, కార్డే మాట్లాడుతుందిలే అనుకుని, మరుసటి ఆదివారం దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను. వాళ్లింటికి చుట్టాలొచ్చారు. ఇంకో ఆదివారం వెళ్తే ఆయన మంచి హుషారుగా ఉన్నాడు, కొత్తగా రెండు స్టేషన్లు దొరికాయట. చెడగొట్టబుద్ధి కాలేదు. మూడో ఆదివారానికి నా దగ్గర సాకు కూడా లేదు. ఊరికే కూర్చుని, చాయ్ తాగి, లేచి వచ్చాను. నాలుగో ఆదివారం కూడా అంతే.

ఆ బుధవారం పొద్దున పళ్లు తోముకుంటూ తొట్టి దగ్గర పడిపోయాడట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. వదిన ఫోన్ చేసినప్పుడు నేను మార్కెట్లో ఉన్నాను. చేతిలో సంచీ అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో తెలియదు, ఇక తొందరేమీ లేదు.

పోయినవాళ్ల ఇంట్లో చర్చి వాళ్లు జరిపే ఆదరణ కూడిక రోజున పాస్టరు ప్రార్థన చేసి వెళ్లాక, వచ్చినవాళ్లంతా భోజనాలు చేసి వెళ్లాక, వదిన ఆ నోటుబుక్కు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇది నీకే సమజైతది. నాకైతె గా సన్న సన్న అక్షరాలు కండ్లకు ఆనయ్. ఆఖర్ల ఏం రాసుకున్నడో జెర సదువు తమ్మీ. పానం పోయే ముందు ప్రతి ఐతారం నువ్వు పోంగనే రాస్తుండె."

చివరి పేజీలు తిప్పాను. మొదటి ఆదివారం నాటి స్టేషను, వార్తలు, ఖాళీగా వదిలేసిన అయిదు గళ్లు. దాని కిందే ఇంకో వరస ఉంది. అది స్టేషన్లను రాసే పద్ధతిలోనే, అదే వరసలో రాశాడు. నేను పైకి చదవడం మొదలుపెట్టి, ఏం చదువుతున్నానో తెలిసేసరికి సగంలో ఉన్నాను.

సమయం ఆరు ఇరవై. స్టేషన్: తమ్మి. భాష: తెలుగు. నాలుగు నిమిషాలు మాట్లాడిండు. పెదవులు కదిలినయ్. నాకు వినపడలేదు. కండ్లల్ల నీళ్లు ఉండె. పలక మీద రాసింది అది కాదు. మళ్లా ప్రసారం కోసం వచ్చే ఐతారం చూడాలె.

దాని కింద తర్వాతి ఆదివారం. స్టేషన్: తమ్మి. చుట్టాలున్నరు. ప్రసారం లేదు.

దాని కింద. స్టేషన్: తమ్మి. రెండుసార్లు జేబుల చెయ్యి పెట్టిండు. ప్రసారం లేదు.

దాని కింద. స్టేషన్: తమ్మి. ప్రసారం లేదు.

దాని కింద. స్టేషన్: తమ్మి. ప్రసారం లేదు.

ఆపైన కాగితం ఖాళీ.

నేను నోటుబుక్కు మూయలేదు. వదిన నా ఎదురుగా నేల మీద కూర్చుంది. లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. గల్లీ చివర బస్సు వెళ్తే నేల అదిరింది.

"ఏం జెప్పబోయినవ్ తమ్మీ?" అంది.

ఈసారి వినపడేట్టు చెప్పాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది, అయినా ఆపలేదు. క్యాంటీన్, టోకెను, గంట తప్పు, పోస్టాఫీసు మనిషి, ఫైలు అడుగున కవరు. తిడుతుందని ఎదురుచూశాను. ఇంట్లోంచి పొమ్మంటుందని ఎదురుచూశాను. పొమ్మంటే బాగుండు అనుకున్నాను.

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గా కార్డు మీద ఏం బొమ్మ ఉంటదో ఒక్కపారి సూడాలె అనేటోడు. ఎన్నో పార్లు అనిండు నాతోని. ఎవల దగ్గరున్నా సరె, నాకు ఇయ్యకున్నా సరె, ఒక్కపారి సూపిస్తె సాలు అనేటోడు."

నేను చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. కార్డు అక్కడే ఉంది. ఆ నాలుగు ఆదివారాలూ అది అక్కడే ఉంది.